దాచు: ఒక మాట, రెండు అర్థాలు

ఈ వారం నేను నేర్చుకున్న మాట 'దాచు'. నేను హైదరాబాదులో కాన్వెంటు బడిలో చదివాను. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళం, రాయడం మాత్రం ఎవరూ నేర్పలేదు. అరవై దాటాక ఇక్కడ అమెరికాలో సొంతంగా నేర్చుకుంటున్నాను. అందుకే నా వాక్యాలు చిన్నవి.

దాచడం అంటే ఎవరికీ కనపడకుండా పెట్టడం. రేపు పనికొస్తుందని జాగ్రత్త చేయడం కూడా దాచడమే. మా అమ్మ "డబ్బులు దాచుకో" అనేది. "నా దగ్గర ఏం దాస్తున్నావు?" అనీ అడిగేది. రెండింటికీ ఒకే మాట ఎందుకో మా గుడి కంప్యూటర్ చూశాక నాకు బాగా అర్థమైంది.

అది విండోస్ 10 కంప్యూటర్. 256 జీబీ డిస్కు అని కొన్నాం, విండోస్ 238 అని చూపిస్తుంది. కంపెనీ వెయ్యితో లెక్క కడుతుంది, విండోస్ 1024తో కడుతుంది. కాబట్టి ఆ తేడా గురించి కంగారు అక్కర్లేదు. కానీ 235 నిండిపోయి గీత ఎర్రగా మారింది.

"పాత వీడియోలు తీసేద్దాం" అన్నారు కమిటీవాళ్ళు. ఆ వీడియోల్లో మా మామ్మగారు ఉన్నారు. ఏళ్ళ తరబడి ప్రతి ఆదివారం పిల్లలకు తెలుగు చెప్పారు. ఇప్పుడు లేరు. 'ళ' పలకడం నేను ఆవిడ గొంతు వినే నేర్చుకుంటున్నాను. "ఒక్క వారం ఆగండి" అని అడిగాను.

ముందు, దాచిన ఫైళ్ళు కూడా కనపడేలా పెట్టాను. సీ డ్రైవులో ఉన్నవన్నీ ఎంచుకుని ప్రాపర్టీస్ చూశాను. మొత్తం 155 జీబీ. మరి మిగతా 80 ఏమైంది?

'సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్' అనే ఫోల్డరు ఒకటి ఉంటుంది. మామూలుగా దాన్ని మనం తెరవలేం, అందుకే అది లెక్కలోకి రాదు. విండోస్ తన రిస్టోర్ పాయింట్లు అందులో దాస్తుంది. మేము ప్రతి వారం పండగల వీడియోలు ఎక్కించి, ఎడిట్ చేసి, తీసేస్తాం. ఆ చోట కొత్తది రాసేముందు, అక్కడున్న పాతదాన్ని విండోస్ పక్కన దాచుకుంటుంది. అలా పెరిగింది.

కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్, అందులో సిస్టమ్ ప్రొటెక్షన్, అందులో కాన్ఫిగర్ నొక్కితే ఆ లెక్క కనపడుతుంది. మాది 78 జీబీ! పరిమితి 40 శాతానికి పెట్టి ఉంది. దాన్ని 5 శాతానికి జరిపాను. పాత రిస్టోర్ పాయింట్లు వాటంతట అవే పోయాయి, 60 జీబీకి పైగా ఖాళీ అయింది. ఆ ఫోల్డరులో చెయ్యి పెట్టి మీరే ఏదీ తీసేయకండి, పరిమితి తగ్గిస్తే చాలు.

ఒక మాట గుర్తుంచుకోండి. రిస్టోర్ పాయింటు మన వీడియోలకు కాపలా కాదు. అందుకే మామ్మగారి పాఠాలు రెండు బయటి డిస్కుల్లోకి ఎక్కించాం. ఒకటి గుడిలో ఉంది, ఒకటి మా ఇంట్లో.

ఇక సాధన. ఈ రెండు వాక్యాలు పైకి చదవండి:

కంప్యూటర్ 78 జీబీ మా కంటపడకుండా దాచింది.
మేము మామ్మగారి గొంతు పిల్లల కోసం దాచాం.