తాపీ తీరాన ఉత్తరపు గాలి

దేశంలో చాలాచోట్ల చలికాలం ఓర్చుకోవలసిన కాలం. సూరత్‌కు మాత్రం అది పండుగ కాలం. తాపీ నది అరేబియా సముద్రంలో కలిసే చోటికి కొద్దిమైళ్ల ఎగువన ఉన్న ఈ నగరంలో జనవరి రాత్రులు సాధారణంగా 15 డిగ్రీల దాపున ఉంటాయి. పగలు సముద్రపు గాలి వీచి, ఎండ వెచ్చగా ఒంటికి హాయినిస్తుంది.

నగరం రుచులలో కొన్ని ఈ చలికాలానివే. లేత జొన్నకంకులను నిప్పులమీద కాల్చి రాల్చిన పచ్చని గింజలను ఇక్కడ ‘పోంక్’ అంటారు. మన పల్లెల్లో ఊచబియ్యం తిన్నవారికి ఆ రుచి కొత్తేమీ కాదు. చిక్కుడు, చిన్న వంకాయలు, ఊదారంగు కంద, మెంతికూర ఉండలు కలిపి సన్నని సెగమీద మగ్గించే ‘ఉంధియు’ లేకుండా ఉత్తరాయణం గడవదు. జనవరి 14న ఊరంతా మేడలెక్కి గాలిపటాలు ఎగురవేస్తుంది.

ఆ పటాలను ఎత్తే గాలే ఒక్కొక్కప్పుడు ప్రమాదాన్ని మోసుకొస్తుంది. మధ్యధరా ప్రాంతంలో పుట్టిన వాయుగుండాలు పడమటి నుండి వచ్చి హిమాలయాలపై మంచు కురిపించి సాగిపోతాయి. వాటి వెనుక పొడి చలిగాలి రాజస్థాన్ మీదుగా గుజరాత్‌లోకి దిగుతుంది. మబ్బులేని రాత్రి నేల తన వేడినంతా ఆకాశానికి వదిలివేస్తుంది. అప్పుడు సముద్రం దగ్గరున్నా సూరత్ వణకక తప్పదు.

మైదానాలలో కనిష్ఠం 10 డిగ్రీలకు దిగితేనే వాతావరణ శాఖ చలిగాలుల సంగతి ఆలోచిస్తుంది. తీరప్రాంతాలకు ఆ హద్దు 15 డిగ్రీలు. అయితే ఉష్ణోగ్రత మామూలుకన్నా కనీసం 4.5 డిగ్రీలు తగ్గి ఉండాలి. ఈ తేడాలో పెద్ద సత్యముంది. చలి తీవ్రతను పాదరసం ఒక్కటే నిర్ణయించదు. ఇల్లు, దుప్పటి, అలవాటు కూడా నిర్ణయిస్తాయి. కాశ్మీరంలో ఇంటింటా కాంగడీ ఉంటుంది. వేడికి తగినట్లు కట్టుకున్న ఊరిలో చలిని ఆపే తలుపే ఉండదు.

ఈ లోటు ఎక్కువగా తగిలేది మగ్గాల పేటలకు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుండి వలస వచ్చిన నేత కుటుంబాలు తరాలుగా లింబాయత్, ఉధ్నా పరిసరాలలో స్థిరపడ్డాయి. వారి పిల్లలకోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడిపింది. ఒడిశా నుండి వచ్చిన కార్మికులెందరో ఇరుకు గదులలో వంతులవారీగా నిద్రిస్తారు. రాత్రంతా మరమగ్గాల ఉక్కలో చెమటోడ్చినవాడు తెల్లవారి పలుచని చొక్కాతో బయటి గాలిలోకి వస్తాడు. చలికి రక్తనాళాలు కుంచించుకొని రక్తపోటు పెరుగుతుంది. వృద్ధులకూ గుండెజబ్బువారికీ గండం అక్కడే.

అంతకన్నా కనిపించని శత్రువు బొగ్గుల కుంపటి. తలుపులు మూసిన గదిలో దాన్ని రాజేసి పడుకుంటే, రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తలనొప్పి, మగత కనిపించిన వెంటనే బయటి గాలిలోకి రావాలి. గది వెచ్చగా ఉండాలంటే కుంపటికన్నా కిటికీ సందులు మూసే గోనెపట్టా మేలు.

“సంక్రాంతికి చంకలెత్తనీయని చలి, శివరాత్రికి శివశివా అని పోతుంది” అని మన పెద్దలు రుతువును పండుగలతో కొలిచారు. ఆ కొలత ఇప్పుడు తప్పుతోంది. 2017 నవంబరు చివర కన్యాకుమారి సముద్రంలో విజృంభించి కేరళనూ లక్షద్వీపాలనూ కలచివేసిన ఓఖీ తుఫాను, డిసెంబరు 5న సూరత్ దిశగా వచ్చింది. తీరం చేరేలోగా బలహీనపడినా, పోంక్ తినే రోజులలో నగరానికి వాన తెచ్చింది. అరేబియా సముద్రం వేడెక్కుతున్నదనీ, అక్కడ తీవ్రమైన తుఫానులు పెరిగాయనీ శాస్త్రజ్ఞులు తేల్చారు. భూమి వేడెక్కినంత మాత్రాన చలిగాలులు మాయం కావు. అలవాటు తప్పిన శరీరాన్ని చలి మరింత గట్టిగా తాకుతుంది.

సూరత్‌కు నేర్చుకోవడం తెలుసు. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుండి వచ్చిన వరద నగరంలో చాలా భాగాన్ని ముంచెత్తింది. తరువాత ఆ నగరమే వరద రాకను ముందుగా తెలుసుకొని ప్రజలను హెచ్చరించే ఏర్పాటు చేసుకున్నది. నీటికి చూపిన ఆ శ్రద్ధ చలికీ చూపాలి. సమయానికి అందిన ఒక హెచ్చరిక, రాత్రి తలదాచుకొనేందుకు ఒక గూడు, ఒక దుప్పటి చాలు. అవి ఉన్న ఊరిలో ఉత్తరపు గాలి గాలిపటాలను మాత్రమే ఎగరేసి పోతుంది.