రెండు ఉత్తరాలు

పూర్వ విద్యార్థినిగా ఈ సంచికకు ఏదైనా వ్రాయవలసిందని సంపాదక వర్గంవారు కోరినప్పుడు, వైద్యవృత్తి ఔన్నత్యాన్ని గూర్చి నాలుగు మంచి మాటలు వ్రాసి పంపుదామని మొదట అనుకున్నాను. అటువంటి వ్యాసాలకు మన సంచికలలో ఎన్నడూ కొరత లేదు. అందుచేత ఇంతవరకు ఎవరికీ పూర్తిగా చెప్పని ఒక సంగతినే వ్రాస్తున్నాను.

1989లో మన కళాశాలలో ఇంటర్మీడియట్ ముగించిన తరువాత ఒకే వారంలో మా ఇంటికి రెండు ఉత్తరాలు వచ్చాయి. ఒకటి కర్నూలు వైద్య కళాశాలలో సీటు లభించినదని. రెండవది పాండిచ్చేరిలోని జిప్మర్ నుండి. 2020 నుండి జిప్మర్ ప్రవేశం కూడా నీట్ ద్వారానే జరుగుతున్నది గనుక నేటి విద్యార్థులకు ఇది వింతగా తోచవచ్చు. ఆనాడు ఆ సంస్థ తన పరీక్షను తానే దేశమంతటా నిర్వహించేది. తెలిసిన వారెవరో దరఖాస్తు తెప్పించి ఇస్తే, రాదనే ధైర్యంతోనే వ్రాశాను.

మా వృక్షశాస్త్రం సార్ ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివారు. "ఇక్కడ చేరితే మన అయిదు జిల్లాల పిల్లలే నీ చుట్టూ ఉంటారు. అక్కడ దేశం నలుమూలల వారు ఉంటారు. నీ కొలత నీకు తెలుస్తుంది. పో అమ్మా, ఆలోచించవద్దు" అన్నారు. ఆయన మాటలో అతిశయోక్తి లేదు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం మన ప్రాంతపు కళాశాలలలో ఆనాడు నూటికి ఎనభై అయిదు సీట్లు రాయలసీమ నాలుగు జిల్లాలకూ, నెల్లూరుకూ చెందేవి. జిప్మర్ కేంద్ర ప్రభుత్వ సంస్థ. ఫ్రెంచివారు 1823లో స్థాపించిన వైద్య పాఠశాలకు వారసురాలు.

నాయన బట్టల దుకాణంలో గుమాస్తా. ఆయన ఏమీ అనలేదు. మరునాడు ఒక ఆకుపచ్చ ఇనుప పెట్టె కొనుక్కొని వచ్చారు. బోర్డులు వ్రాసే అతని చేత మూతమీద తెల్లరంగుతో నా పేరు, దాని క్రింద 'పాండిచ్చేరి' అని వ్రాయించారు. ద్రోణాచలం, గుంతకల్లు, మదరాసు, ఆపైన బస్సు అని ప్రయాణం సంగతి వేళ్లమీద లెక్కపెట్టుకొనేవారు.

ఇక మా బావ సంగతి. మేనత్త కొడుకు, నంద్యాలలో ఉపాధ్యాయుడు. మా ఇద్దరికీ పెళ్లి అని పెద్దలు ఎప్పుడో అనుకొన్న మాట. నాకూ అది ఇష్టమే. ఎం.బి.బి.ఎస్. నాలుగున్నర సంవత్సరాలు, హౌస్ సర్జన్సీ మరొక సంవత్సరం. ఊరిలోనే చదివితే నడుమ పెళ్లి చేయవచ్చునని అత్త ఆశ. బావను అడిగితే, "నువ్వు ఏది చేసినా నాకు సమ్మతమే" అన్నాడు. అంత మంచి మాటకు నాకెందుకు కోపం వచ్చినదో అప్పుడు తెలియలేదు. వద్దంటే ఎదిరించి పోయేదాన్ని. వెళ్లమంటే సంతోషంగా పోయేదాన్ని.

ఆ వారంలోనే మా ప్రక్కింటి ఖాలాను ఒక దవాఖానాకు తీసుకొనిపోయాను. ఆమెకు తెలుగు అంతంతమాత్రం. అక్కడి యువ వైద్యుడు దూరప్రాంతం నుండి క్రొత్తగా వచ్చినవాడు. ఆమె "కలేజే మే జల్రా" అన్నది. మాంసం దుకాణంలో కలేజా అంటే కాలేయమే గదా! ఆయన ఎంతో శ్రద్ధగా కుడి ప్రక్కటెముకల క్రింద నొక్కి నొక్కి చూశాడు. తప్పు ఆయనది కాదు. ఆమె భాషలో ఆ మాటకు గుండె అనీ, రొమ్ము అనీ కూడా అర్థం. మన కళాశాలలో ఉర్దూ బల్లల ప్రక్కన కూర్చున్నందువల్ల నాకది తెలుసు. "ఎప్పుడొస్తుంది ఖాలా?" అని అడిగాను. నీళ్ల బిందెతో మెట్లు ఎక్కితే మంట, ఆగి నిలబడితే తగ్గుతుందని చెప్పింది. ఆ మాట తెలుగులో చెప్పగానే వైద్యుని ముఖం మారిపోయింది. వెంటనే ఈ.సి.జి. తీయించాడు. గుండెకు రక్తం సరిగా అందక వచ్చే నొప్పి అది.

ఆ సాయంత్రమే కర్నూలులో చేరుతానని చెప్పాను. సార్‌కు ఖాలా కథ చెప్పాను; భాష తెలియని చోట నేనేమి వైద్యం చేస్తానని వాదించాను. నాయనతో మాత్రం అవ్వకు వయసు మళ్లినదన్నాను. బావ పేరు ఎవరి వద్దా ఎత్తలేదు. నేను చెప్పినవి అబద్ధాలు కావు, కాని అసలు కారణాన్ని వాటి వెనుక దాచుకొన్నాను. సార్ చాలా రోజులు నాతో ముభావంగా ఉన్నారు.

ఆ రోజులలో మొదటి ఎం.బి.బి.ఎస్. ఏడాదిన్నర. సీనియర్ల వద్ద కొన్న ఎముకల సెట్టును ఆ ఆకుపచ్చ పెట్టెలోనే పెట్టుకొన్నాను. మనిషి ఎముకలు ఇంట్లోనా అని అవ్వ నెలరోజులు ఆ గదిలోకి అడుగు పెట్టలేదు. రెండవ సంవత్సరంలో బావకు వేరే సంబంధం కుదిరింది. అత్త ఆరోగ్యం బాగాలేదు, ఇంటికి కోడలు కావలసివచ్చింది, నేను పరీక్షల నడుమ పెళ్లికి ఒప్పుకొనలేదు. తప్పు ఎవరిదని నేటికీ నిర్ణయించలేను. పెళ్లికి వెళ్లి వడ్డన కూడా చేశాను.

జిప్మర్‌లో చేరిన ఒక తెలుగు స్నేహితురాలు తరువాతి కాలంలో నాకు పరిచయమైనది. ఆమెకు చేరిననాడు తమిళం ముక్క రాదట. వార్డులకు వెళ్లేనాటికే ఒక చిన్న పుస్తకంలో మాటలు వ్రాసుకొని నేర్చుకొన్నదట. వలి అంటే నొప్పి, మయక్కం అంటే తలతిరుగుడు. నెంజు అంటే రొమ్ము, హృదయం కూడానట! అది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సార్‌తో నేను చేసిన వాదమంతా ఆరునెలల శ్రమతో తీరిపోయే చిక్కు మాత్రమే. ఆమె హృద్రోగ నిపుణురాలైనది. నేను పి.జి. పరీక్ష రెండుసార్లు వ్రాసి సీటు రాక, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేరి, నల్లమల అంచు పల్లెలలోనే సర్వీసు గడిపాను. 2022లో ఆ పల్లెలు నంద్యాల జిల్లాలో చేరాయి.

ఖాలా ఆపైన తొమ్మిదేళ్లు బ్రతికింది. ఎప్పుడు కనబడినా "మేరీ డాక్టర్నీ" అని పదిమందిలో నన్ను దగ్గరకు తీసుకొనేది; నేను ఇంకా మొదటి సంవత్సరంలో ఉన్నప్పుడు కూడా అంతే.

నాయన పోయిన తరువాత ఇల్లు సర్దుతుంటే ఆ పెట్టె బయటపడినది. ఆకుపచ్చ రంగు చాలావరకు రాలిపోయినది. 'పాండిచ్చేరి' అనే అక్షరాలపై మాత్రం ఎవరో మరొకసారి తెల్లరంగు దిద్దినట్లున్నది. నేను దిద్దలేదు.