హౌజు దరిని నాటదగిన పండ్లచెట్లు

పెరటి తోటకు నీరు నిలువచేయుటకై కట్టించిన హౌజే వేసవి సెలవులలో పిల్లలకు ఈతకొలను అగుచుండుట మన పల్లెలలో ఎఱుగనిది కాదు. అట్టి హౌజు దరిని పండ్లచెట్లు నాటవలెనని తోచుట సహజము. కాని యే పండు తీయనిదని యడుగుటకు ముందు, ఆ చెట్టు ఏమి రాల్చును, ఎప్పుడు రాల్చును, దాని వేళ్ళెట్లు పోవును అని విచారింపవలెను.

న్యాల్‌కల్‌లోని మా పెరటి హౌజునకు పడమట బాట కలదు. మా అబ్బాయి నీట దిగి యీదుచుండగా, పండ్రెండేండ్ల అమ్మాయి గట్టుపై కూర్చుండి చూచుచుండెడిది. దారిని పోవువారు చూతురని మా అత్తగారి శంక. ఆమెది కాఠిన్యము గాదు, భయము. చెట్లు పెరిగి చాటయిన పిదప దిగవచ్చునని సెలవిచ్చిరి. కావున చెట్ల యెంపిక మాకు పండ్ల మాట మాత్రమే కాక, పిల్ల యీత మాట కూడ నైనది.

అత్తగారి మనసు మామిడిపై నుండెను. మా జిల్లాలోని సంగారెడ్డి ఫలపరిశోధన స్థానమున రుమాని, నీలం రకములను సంకరపఱచి తీసిన ‘మంజీర’ పొట్టిగా పెరుగును గనుక చిన్న పెరళ్ళకు తగినది. కాని మామిడి పండునది యీతకాలముననే. దాని సొన ఒంటి నంటిన పొక్కును. రాలిన పండ్లపై ఈగలు, కందిరీగలు మూగును. అందుచే దానిని దూరముగ తూర్పు మూలకు పంపితిమి. నేరేడు తొలకరికి పండి గట్టంతయు మరకలు చేయును. నిమ్మకును దానిమ్మకును ముండ్లు గలవు. వట్టికాళ్ళతో పరుగెత్తు పిల్లలున్న చోట అవి తగవు. బాలానగరు సీతాఫలము మధురమే గాని, ఆకు రాల్చి వేసవి మొదట మోడై నిలుచును. చాటు కావలసిన కాలముననే చాటీయదు.

తుదకు జామను, సపోటాను ఎన్నుకొంటిమి. రెండును ఏడాది పొడుగున పచ్చగా నుండును. జామ ముఖ్యముగ వానకాలమునను చలికాలమునను కాచును. అంటుమొక్క రెండు మూడేండ్లకే కాపునకు వచ్చును. సపోటా మెల్లగా పెరిగినను దట్టమైనది. ఆకు తక్కువగా రాల్చును. నైరృతి వానగాలి పడమటినుండి చెత్తను నీటిలోనికి తెచ్చును గనుక, ఆ వైపున నాటు చెట్టు ఆకు తక్కువగా రాల్చునదై యుండుట మేలు.

మాది నల్లరేగడి నేల. తడిసిన నుబ్బును, ఎండిన బీటలు వాఱును. గోడ చెంతనున్న చెట్టు తడిని పీల్చినకొలది నేల క్రుంగి గోడ పగులును. ఆ పగులు వెంట వేళ్ళు నీటికై చొచ్చుకొనిపోవును. అందుచే మొక్కలను గోడకు 15 అడుగుల యెడమున నాటితిమి. రావి, మేడి వంటివి మాత్రము ఆ చాయలకే రానీయరాదు. బ్లీచింగు పొడి కలిపిన నీటిని వెంటనే చెట్ల మొదళ్ళకు పాఱింపక, కొన్ని దినములు ఎండలో నిలువనిచ్చి పిదప విడువవలెను. కొమ్మ నీటిపైకి వంగినచో పిల్లలు దానినుండి దూకుదురు, ఏటేట కత్తిరింపవలెను.

అయితే జామ చాటగుటకు మూడేండ్లయినను పట్టును. అప్పటికి మా అమ్మాయికి పదునైదేండ్లు వచ్చును. నాడు మఱియొక శంక పుట్టదని యెవరు చెప్పగలరు? చెట్టు పెరుగువఱకు ఆగుమనుట, వద్దనుటకు మర్యాదగల మాటయే యని నాకు తోచెను. ఈత ఆడపిల్లకు వేడుక మాత్రమే కాదు. చెఱువు గట్టున బట్టలుతుకునది, బావికడ నీరు తోడునది మన స్త్రీలే గదా. కాలు జాఱిన నాడు చాటు రక్షింపదు, ఈత రక్షించును.

ఈ మాటనే అత్తగారితో వినయముగ విన్నవించితిని. ఆమె కొంత తడవు ఊరకుండి, పనివానిని పిలిచి జొన్నచొప్పతో తడిక కట్టుమనిరి. పడమట తడిక లేచినది. అమ్మాయి తండ్రి చేయి పట్టుకొని నీట దిగినది. ఇప్పుడు ఇరుగుపొరుగు బాలికలు ఇద్దఱు ముగ్గురు తోడుగ వచ్చుచున్నారు. పెద్దవారొకరు గట్టున లేనిదే ఎవ్వరును దిగరాదన్నది మా నియమము.

తొలకరికి మొక్కలు నాటదలచిన సోదరీమణులు జామను నిశ్చింతగ నాటవచ్చును. తడికను మాత్రము అంతకు ముందే కట్టుడు.