ఒక్క గీత

బీరువా సర్దుతుంటే పాత నీలిరంగు పెన్ను దొరికింది. సిరా ఎప్పుడో ఎండిపోయింది. బీఎస్సీ అయిన ఏడు, జీడిమెట్లలో ఒక మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో అప్రెంటిస్‌గా ఉన్నప్పటిది. ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో పని నేర్చిన అంజిరెడ్డి లాంటివాళ్లు సొంత మందుల కంపెనీలు పెట్టిన నగరం మాది. నేర్చుకోవడం ఇక్కడి గాలిలోనే ఉంది.

మొదటి వారం 20 పారాసిటమాల్ బిళ్లలు తూచి సగటు బరువు కట్టమన్నారు. ల్యాబు పుస్తకంలో ఒక అంకె తప్పు రాశాను. గాభరాగా దాని మీదే దిద్దబోతుంటే సీనియర్ అక్క చెయ్యి పట్టుకుని ఆపింది.

"దిద్దకు తల్లీ. ఒక్క గీత కొట్టు. కింద అంకె కనబడాలి. పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ పెట్టు. ఎందుకు తప్పిందో కూడా రాయి."

బళ్లో పలక మీద తప్పు రాస్తే ఉమ్మితో తుడిచేసేవాళ్లం. ఇక్కడ తప్పు ఉండిపోతుంది, నా పేరుతో సహా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

500 మిల్లీగ్రాములని రేకు మీద అచ్చేసిన మాటను, జ్వరంతో మండుతున్న మనిషి పక్కన కూర్చున్న ఇల్లాలు నమ్ముతుంది. ఆమె మా పుస్తకం ఎన్నడూ చూడదు. బ్యూరెట్‌లో ద్రవం వంపు అడుగున చూపు నిలిపి, ఊపిరి బిగబట్టి చుక్క వదిలేటప్పుడు ఆమే గుర్తొచ్చేది.

ఆ ఏడే అమ్మకు బీపీ బిళ్లలు మొదలయ్యాయి. ఆవిడ నీళ్లు తాగుతుంటే నేను రేకు తిప్పి బ్యాచ్ నంబరు చదివేదాన్ని. ఆ నంబరు వెనక ఏదో పుస్తకంలో, ఏ పిల్లో కొట్టిన ఒక్క గీత. దాని కింద ఇంకా కనబడుతున్న అంకె.