అరకు ప్లాన్‌లో నేను రాయని కాలమ్

ఇంజినీరింగ్ అయ్యాక మా ఐదుగురికీ ఒకేసారి సెలవులు దొరకడం ఇదే మొదటిసారి. ఇద్దరు బెంగళూరు, ఇద్దరం హైదరాబాద్, ఒకడు పుణె. ‘ఈసారి బీచ్‌లు వద్దురా, కొండలెక్కుదాం’ అన్నారు అందరూ. నవంబరు కాబట్టి అరకు అనుకున్నాం. ప్లానింగ్ బాధ్యత నా నెత్తిన పడింది. సాఫ్ట్‌వేర్ వాణ్ని కదా, వెంటనే ఎక్సెల్ షీట్ తెరిచా.

గురువారం రైలు, బొర్రా గుహలు, కటికి జలపాతం. శుక్రవారం తెల్లవారుజామున వంజంగి కొండ మీద మేఘాలు, సాయంత్రం బొంగు చికెన్, థింసా. శనివారం కాఫీ తోటలు, తిరుగు ప్రయాణం. ప్రతిదానికీ గంటా నిమిషం రాశా. చివర్లో ‘అడ్వెంచర్’ అని ఒక కాలమ్ పెట్టి కటికికి మూడు స్టార్లు, వంజంగికి ఐదు స్టార్లు ఇచ్చా. షీట్ చూసి మావాళ్లంతా ‘సూపర్ మామా’ అన్నారు.

విశాఖలో పొద్దున్నే కిరండూల్ ప్యాసింజర్ ఎక్కాం. దీనికి అద్దాల పైకప్పు ఉండే విస్టాడోమ్ పెట్టె ఉంటుంది, 2017లో మొదలైంది. సీజన్‌లో టికెట్లు త్వరగా అయిపోతాయి కాబట్టి ముందే బుక్ చేసుకోవాలి. బొడ్డవర దాటాక అసలు కొండలు మొదలవుతాయి. ఒక సొరంగంలోంచి బయటపడి లోయ చూసేలోపే ఇంకో సొరంగం వచ్చేస్తుంది. ఈ లైన్ మొత్తం మీద 58 సొరంగాలున్నాయట. పిల్లలు ప్రతి సొరంగంలోనూ కేకలు పెడుతుంటే మేమూ గొంతు కలిపాం. నిజానికి ఈ రైలుమార్గం మనలాంటి టూరిస్టుల కోసం వేసింది కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చడానికి 1960లలో జపాన్ సహకారంతో కట్టారు. ఎదురుగా వచ్చే గూడ్సుల కోసం మన రైలు ఆగుతుంటే ఆ సంగతి బాగా అర్థమవుతుంది. నా షీట్ మొదటి గంటల్లోనే నలభై నిమిషాలు వెనకబడింది.

బొర్రా గుహలు చూసి, జీపు మాట్లాడుకుని కటికికి బయల్దేరాం. ఆ రాళ్ల దారిలో జీపు ఎగిరెగిరి పడుతుంటే నవ్వుకున్నాం. జీపు ఆగిన చోటి నుంచి నడక. గైడ్‌గా వచ్చిన కుర్రాడికి ఇరవై ఏళ్లుంటాయేమో. కాళ్లకి రబ్బరు చెప్పులు. మావి ట్రెక్కింగ్ షూలు. అయినా వాడు ముందు, మేం వెనక.

గోస్తని నీళ్లు దూకే ఆ చోటు చాలా బాగుంది. ఆలస్యమైందని నేనే అందర్నీ తొందరపెట్టా. ‘ఇంకో పది నిమిషాలే, కదలండిరా’ అన్నా. నా పాత రూమ్మేట్ ఫొటో దిగి గబగబా వస్తూ నాచు పట్టిన బండ మీద కాలు వేశాడు. జారాడు. లేవబోయి మళ్లీ కూలబడ్డాడు. చీలమండ చూస్తుండగానే ఉబ్బిపోయింది.

ఫోన్ తీస్తే సిగ్నల్ లేదు. ఆసుపత్రి ఎక్కడో తెలీదు. ఆఫీసులో చిన్న ప్రోగ్రాం రాసినా ‘ఇది ఫెయిలైతే ఏం చేయాలి’ అని ముందే ఆలోచిస్తాం. ఇక్కడ మాత్రం అంతా సవ్యంగా జరిగితే ఏం చేయాలో అదొక్కటే రాసుకొచ్చా.

గైడ్ కుర్రాడు ఏమీ కంగారుపడలేదు. దారిలో ఉన్న పాకలోకి పరిగెత్తి ఇంకో ముగ్గుర్ని వెంటబెట్టుకొచ్చాడు. ఒక వెదురు బొంగు, ఒక దుప్పటి. రెండు కొసలూ ముడేసి డోలీ కట్టేశారు. మావాణ్ని అందులో పడుకోబెట్టి, భుజాలు మార్చుకుంటూ జీపు దాకా మోశారు. మేం నలుగురం బ్యాగులు పట్టుకుని వెనకాల నడిచాం.

“ఇంత త్వరగా ఎలా కట్టావు?” అని అడిగా.

“అలవాటే అన్నా. మా ఊరికి జీపు రాదు. పోయిన వర్షాల్లో మా వదినకి నొప్పులొస్తే రాత్రిపూట ఇలాగే దించాం.”

ఏజెన్సీలో గర్భిణుల్ని డోలీలో మోసుకొచ్చారన్న వార్తలు ఎన్నో చదివా. ఫోన్లో పైకి జరిపేసేవాణ్ని. నేను మూడు స్టార్లు ఇచ్చిన దారిలో వీళ్లు చీకట్లో, వానలో, నొప్పులు పడుతున్న మనిషిని మోస్తారని ఆ క్షణం దాకా నా బుర్రకి తట్టలేదు.

జీపు దగ్గర “డోలీకి ఎంతివ్వాలి?” అన్నా. కుర్రాడు కాసేపు ఆలోచించాడు. “గైడుకైతే రేటుంది. డోలీకి రేటు లేదన్నా.” నలుగురి సగం రోజు పని పోయింది కదా అని మేం లెక్కేసి ఇచ్చాం. తీసుకున్నారు.

అరకులో ఎక్స్‌రే తీస్తే ఎముక విరగలేదు, లిగమెంట్ బెణికిందన్నారు. ఆ రాత్రి వంజంగి గురించి పెద్ద చర్చే జరిగింది. “మీరు వెళ్లండిరా, నా వల్ల ఆగొద్దు” అన్నాడు మావాడు. అందరూ నావైపు చూశారు. నేను షీట్ మూసేశా.

శుక్రవారం అరకులో సంత. మావాణ్ని ఆటోలో కూర్చోబెట్టి తీసుకెళ్లాం. పసుపు, చింతపండు, రాజ్మా, కొండచీపుళ్లు, అడ్డాకులు. కొండల మీద నుంచి మూటలు మోసుకుంటూ జనం దిగుతూనే ఉన్నారు. దారి పక్కన వలిసె పూలు పొలమంతా పసుపు పరిచినట్టున్నాయి. వెనకనుంచి “అన్నా, కాలెలా ఉంది?” అని వినబడింది. నిన్నటి కుర్రాడే. వాళ్లమ్మతో చీపుళ్లు అమ్మడానికొచ్చాడు. మేం రెండు కట్టలు కొన్నాం. బెంగళూరు బస్సులో వాటితో మావాళ్లు పడ్డ తిప్పలు వేరే కథ.

మీరూ వెళ్లేట్టయితే నాలుగు మాటలు. నవంబరు నుంచి జనవరి దాకా బాగుంటుంది, చలిబట్టలు తప్పనిసరి. రోజుకి ఒక్క పెద్ద ప్రదేశమే పెట్టుకోండి. సిగ్నల్ పోకముందే దగ్గరి ఆసుపత్రి ఎక్కడో కనుక్కోండి. క్రేప్ బ్యాండేజ్, దోమల మందు, చిల్లర డబ్బు ఉంచుకోండి. స్థానిక గైడ్‌ని తప్పక పెట్టుకోండి. ‘అక్కడ అడుగెయ్యొద్దు’ అని అతనంటే వెయ్యొద్దు. అన్నిటికంటే ముఖ్యం, ఆలస్యమైందని ఎవర్నీ తొందరపెట్టొద్దు.

మావాడి కాలు నయమైంది. వంజంగి ఎప్పుడురా అని వాడే అడుగుతున్నాడు. కొత్త షీట్ మొదలుపెట్టా. అందులో అడ్వెంచర్ కాలమ్ లేదు. ‘ఏదైనా అయితే?’ అనే కాలమ్ ఉంది. మొదటి వరసలో ఆ కుర్రాడి ఫోన్ నంబరు రాసుకున్నా. అదీ వాళ్ల ఊళ్లో సిగ్నల్ ఉన్నప్పుడే కలుస్తుంది.