జిల్లేడు మొలిచిన చోట

మన పాలమూరు వైపు ఎవరిమీదైనా కడుపు మండితే "నీ ఇంట జిల్లేళ్లు మొలవ!" అని తిట్టేవాళ్లు. చిన్నప్పుడు ఆ మాట వింటే నాకు భయమేసేది. కూలిన మొండిగోడ, దాని పక్కన బూడిద పట్టినట్టుండే ఆకుల పొద, మనిషి అలికిడి లేని వాకిలి, ఇవన్నీ కళ్లముందు మెదిలేవి. ఇప్పుడు వనపర్తిలో మా ఇంటి వెనక ఖాళీ జాగాలో మూడు జిల్లేడు పొదలున్నాయి. ఎవరైనా వాటిమీద గొడ్డలి ఎత్తితే నేనే అడ్డం పోతాను. ఎందుకో చెబుతా, చాయ్ తాగుతూ వినండి.

ఆ పొదల చుట్టూ తిరిగే సీతాకోకచిలుక ఒకటుంది. మీరూ చూసే ఉంటారు. నారింజ రంగు రెక్కలు, చుట్టూ నల్లటి అంచు, అంచు పొడుగునా తెల్ల చుక్కలు. ముందు రెక్కల కొసన నలుపు మీద తెల్లటి అడ్డపట్టీ. ఇంగ్లిషులో ప్లెయిన్ టైగర్ అంటారు. లిన్నేయస్ 1758లోనే దీనికి శాస్త్రనామం పెట్టాడు. ఈజిప్టులో మూడువేల ఏళ్లు దాటిన నెబమూన్ సమాధి గోడ బొమ్మలో, పిట్టల వేట దృశ్యంలో, ఇదే సీతాకోకచిలుక ఎగురుతూ కనబడుతుంది. ఆ బొమ్మ ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. నాకు మాత్రం దీన్ని చూస్తే పక్కనున్న గద్వాల చీరే గుర్తొస్తుంది. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఒంటి రంగు ఎక్కడ ఆగిందో, అంచు రంగు ఎక్కడ మొదలైందో అంత తేటగా తెలుస్తుంది. సీతాకోకచిలుక అన్న పేరులోనే కోక ఉందాయె!

ఫొటోలు తీసేవాళ్లకు అరుదైనవాటి మీద మనసు పోవడం సహజం. నేనూ నాగర్‌కర్నూల్ మీదుగా మన్ననూరు దాటి నల్లమలలోకి పోతుంటాను. మల్లెలతీర్థం లాంటి చోట్ల తడిమట్టి మీద గుంపులుగా వాలి చెమ్మ పీల్చే సీతాకోకచిలుకల్ని చూస్తే కడుపు నిండిపోతుంది. కానీ ఒక్క రోజు చూసి వచ్చినదాంతో ముఖపరిచయమే అవుతుంది. చుట్టరికం కలవాలంటే పన్నెండు నెలలూ ఒకరి గడపలోనే తిరగాలి. అందుకే ఇంటి వెనక ఉన్నదాన్ని పట్టుకున్నాను.

మొదలు రోహిణి కార్తె నుంచి చెబుతాను. రోళ్లు పగిలే ఎండలంటాం కదా, అప్పుడు మన నేల మీద పచ్చనిది వెతుక్కోవాలి. ఆ కాలంలోనూ జిల్లేడు పచ్చగానే ఉంటుంది. మందమైన ఆకు, దానిమీద తెల్లటి నూగు, లోపల పాలు. గొర్రెలూ మేకలూ పెద్దగా ముట్టవు. ఈ సీతాకోకచిలుక సంసారమంతా ఆ ఒక్క పొద అండతోనే నడుస్తుంది. పొద్దున ఏడు లోపల పోతే, ఎండకు రెక్కలు పరిచి కూర్చుని దొరుకుతుంది. ఎండ ముదిరితే నీడ చూసుకుంటుంది.

మృగశిరలో నాలుగు చినుకులు పడి లేత చిగుళ్లు రాగానే ఆడది గుడ్లకు వస్తుంది. ఆకు అంచున వాలి, కడుపు కిందికి వంచి, ఆకు అడుగున ఒకే ఒక్క గుడ్డు అంటించి లేచిపోతుంది. తర్వాతి గుడ్డు ఇంకో ఆకుకు. ఆవగింజ కన్నా చిన్నది, వెండిలా మెరిసే తెలుపు, నిలువునా సన్నని గీతలు. మూడు నాలుగు రోజులకు దాని కొస నల్లబడుతుంది. లోపలున్న పిల్ల తల అది. బయటికొచ్చిన పురుగు మొదటి ముద్దగా తన గుడ్డు పెంకునే తింటుంది.

ఆ తర్వాత అది చేసే పని నేను గంటసేపు నేలమీద పడుకుని చూశాను. జిల్లేడాకు గిల్లితే పాలు ఎట్లా ఉబికి వస్తాయో మీకు తెలుసు. బియ్యపు గింజంత కూడా లేని పురుగు ఆ పాలలో ఇరుక్కుంటే అంతే సంగతి. అందుకని అది ముందు ఆకు మీద గుండ్రంగా ఒక గాడి కొరుకుతుంది. కొంత కొరికి ఆగుతుంది, కారిన పాలు ఆరనిస్తుంది, మళ్లీ కొరుకుతుంది. గాడి పూర్తయితే లోపలి ముక్కకు పాలు రావడం తగ్గిపోతుంది. అప్పుడు నింపాదిగా తినడం మొదలుపెడుతుంది. మన రైతు మడికి నీళ్లు ఆపాలంటే గట్టు ఎక్కడ వెయ్యాలో చూసినట్టే! రెండు వారాల్లో అది చిటికెనవేలంత అవుతుంది. తెలుపు, నలుపు, పసుపు పట్టీల చొక్కా, వీపు మీద మూడు జతల నల్లటి కొమ్ములు.

జిల్లేడు పాలలో గుండె మీద పనిచేసే విషం ఉంది. పురుగు దాన్ని ఒంట్లో దాచుకుంటుంది, రెక్కలొచ్చాక కూడా ఆ చేదు దానితోనే ఉంటుంది. పిట్ట ఒకసారి నోట్లో పెట్టుకుంటే మళ్లీ ఆ రంగు జోలికి పోదు. దీని నడక అంత నింపాది కావడానికి కారణం అదే. నా ఫొటోల్లో ఒకదానికి రెండు రెక్కల మీదా ఒకే చోట ముక్కు ఆకారంలో చీలిక ఉంది. పట్టిన పిట్ట వదిలేసిన గుర్తు. చిరిగిన రెక్కలతోనే అది వారం రోజులు మా పొద దగ్గర కనబడింది.

బతుకమ్మ రోజులొస్తే గునుగు పూసిన చేల గట్లన్నీ సందడే. ఓసారి గద్వాల నడిగడ్డలో, కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న ఆ నల్లరేగడి చేలకు పోయాను. అక్కడ విత్తన పత్తి పండిస్తారు. సాయంత్రం పువ్వులోని పుప్పొడి భాగం తీసేసి, తెల్లారి మరో రకం పువ్వు తెచ్చి దాని మీద రుద్దుతారు. క్రాసింగ్ అంటారు. ఒక్కొక్క పువ్వునూ చేత్తో ముట్టుకునే ఆ ఆడవాళ్ల ఓపిక చూసి నా కెమెరా సిగ్గుపడాలి అనుకున్నాను. "ఏం ఫొటోలన్నా?" అని ఒకామె అడిగింది. చూపిస్తే, "ఇది మా గట్టు మీది జిల్లేడుది గదా" అంది. పురుగునూ రెక్కల పురుగునూ కలిపి ఎరిగిన మనిషి ఆమె.

అదే రోజు తీసిన ఒక ఫొటో ఇంట్లో పెద్దది చేసి చూస్తే ఆగిపోయాను. వెనక రెక్క మధ్య ఆడ ప్లెయిన్ టైగర్‌కు మూడు నల్ల చుక్కలుంటాయి, మగదానికి వాసన సంచి చుక్క కలిసి నాలుగు. దీనికి ఒకటే ఉంది. అది వేరే జాతి, డానాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడది! దానికి విషం లేదు, విషమున్నదాని చీర కట్టుకుని పిట్టల నుంచి తప్పించుకుంటుంది. దాని మగది నల్లటి మఖమలు మీద తెల్లటి గుండ్రాలతో ఏ పోలికా లేకుండా ఉంటుంది. వీటి పురుగులు తినేది మనం పప్పులో వేసుకునే గంగవాయిలి కూర. మూడు చుక్కలు నెలల తరబడి లెక్కపెట్టిన కళ్లు కాబట్టి ఒక్క చుక్క దగ్గర ఆగాయి.

చలికాలంలో పని నెమ్మదిస్తుంది. శ్రీరంగాపురం గుడి చెరువు మీద మంచు తేలే పొద్దుల్లో రెక్కల మీద నీటి బొట్లతో కదలకుండా దొరుకుతాయి. ఫోన్‌తో తీసేవాళ్లకు అదే మంచి సమయం. మీ నీడ దానిమీద పడనీయకండి. దాని ఎత్తుకే కిందికి దిగండి. కంటి మీద ఫోకస్ పెట్టండి. ఆకు తుంచకండి, పాలు అంటితే చేతులు కడిగేదాకా కళ్లు ముట్టకండి. కంటికి చాలా ప్రమాదం.

మాఘంలో రథసప్తమి. స్నానానికి ఏడు జిల్లేడాకులు తెమ్మని అమ్మ పంపింది. ఏడో ఆకు తుంచబోతూ అలవాటుగా తిప్పి చూశాను. అడుగున ప్యూపా వేలాడుతోంది. లేత ఆకుపచ్చ రంగు, మీద బంగారు చుక్కలు, ఎవరో కంసాలి పొదిగినట్టు. ఆ ఆకు వదిలేసి ఇంకోటి తెచ్చాను. ఎనిమిదో రోజు పొద్దున అది గాజులా పారదర్శకమైంది, లోపల నారింజ రంగు కనబడింది. చూస్తుండగానే పెంకు చీలింది. నలిగిన గుడ్డపీలికల్లాంటి రెక్కలు వేలాడదీసుకుని, ఒంట్లోని ద్రవం వాటిలోకి పంపుతూ, పావుగంటలో నిండు చీర కట్టుకుంది. ఈ మొత్తం ప్రయాణం, గుడ్డు నుంచి రెక్కలదాకా, నెలకు అటూఇటూ. అన్నీ ఇంత దూరం రావు. కొన్ని ప్యూపాలు నల్లబడి, లోపలి నుంచి ఈగ పురుగులు జారి పడటమూ చూశాను. ఆ పూట కెమెరా సంచిలోంచి తీయబుద్ధి కాలేదు.

పోయిన వేసవిలో ఒక కాలువ గట్టు మీద పద్నాలుగు పురుగులు లెక్కపెట్టి వచ్చాను. మూడు రోజులకు పోతే పొదలు లేవు. గట్టు శుభ్రం చేయడానికి యంత్రం నడిపించారు. వాడిన ఆకుల కుప్పలో ఒక్క పురుగునైనా వెతుకుదామని చాలాసేపు కూర్చున్నాను. దొరకలేదు. గట్టు గట్టిగా ఉండాల్సిందే, కాదనను. నీటి దారికి అడ్డం లేని చోట నాలుగు పొదలు వదిలితే ఎవరికి నష్టం? శనివారం ఆంజనేయుడికి దండ గుచ్చేదీ, కీళ్లనొప్పికి కాపడం పెట్టేదీ ఆ పొదే కదా!

మళ్లీ మృగశిర వానలు పడ్డాక ఆ గట్టు మీదికి పోయాను. నరికిన మొదళ్లలోంచి జానెడు చిగుళ్లు లేచాయి. జిల్లేడు వేరుకు ఆ మొండితనం ఉంది. ఒంగి ఆకు తిప్పి చూశాను. అడుగున, వెండిలా మెరుస్తూ, ఒక్క గుడ్డు.

మీ ఇంటి దగ్గర కూడా జిల్లేడు మొలిచే ఉంటుంది. రేపు పొద్దున ఒక ఆకు తిప్పి చూడండి.