ముడుచుకున్న కాళ్లు

కోనసీమలో ఒక విశ్వాసి గేదె ఈనిన మూడవ దినమున ఆ ఇంటికి వెళ్లాను. పెయ్యదూడకు పుట్టుకతోనే ముందుకాళ్లు వెనక్కి ముడుచుకొని ఉన్నవి. లేచి పొదుగు అందుకోలేదు. "దూడ పోతే గేదె చేపదు అయ్యగారూ" అన్నది ఆ అమ్మ. పాల డబ్బులే వారికి బియ్యము.

పశువుల డాక్టరుగారు కాళ్లు నిమిరి చూచి, వంకర ఎముకలో లేదు, కాలి వెనుక బిగిసిన నరములో ఉన్నదన్నారు. (మనం నరమంటాము గాని, అది కండరమును ఎముకకు కలిపే పట్టీ.) కొద్దిపాటి ముడుతైతే దూది చుట్టి బద్దలు కడితే చాలునట. ఇది చేతితో లాగినా సాగలేదు. మత్తుసూది వేసి, నరము కోసి, కాలు తిన్నగా చాపి కట్టు కట్టారు. కట్టు విప్పేవరకు ఆ అమ్మే పెయ్యను ఎత్తి పొదుగుకు పట్టినది. తరువాత అది నడిచినది.

గుర్రపు పిల్లల సంగతీ ఆయనే చెప్పారు. వాటిలో ఎముకే ఒకవైపు ఎక్కువ పెరిగి కాలు వంగితే, ఆ వైపు స్క్రూ బిగించి పెరుగుదలను ఆపుతారు. గిట్టకు పైనున్న కీలు దగ్గర ఎదుగుదల 3 నెలలకే దాదాపు ముగుస్తుంది గనుక ముందే చేయాలి. కాలు తిన్నగా కాగానే స్క్రూ తీయకపోతే రెండవవైపుకు వంగునట.